చెవి పైన ఖాళీ

భార్య జెలిపా చెప్పులు రెండూ విప్పించి యోతాము తను కూర్చున్న బల్ల కింద పెట్టుకున్నాడు.

"తెగాయా? ఇటివ్వు, కుట్టిపెడతా," అన్నాడు పక్కనే చెప్పులు కుట్టుకునే ఫిరి తాత.

"తెగలేదు తాతా. నా దగ్గరే ఉండనీ."

ఫిరి తాత ఒకసారి చెప్పుల వంక, ఒకసారి అతని వంక చూశాడు. "పెళ్లానికి జడలల్లించడానికి వచ్చావా, కాపలా కాయడానికా?"

యోతాము నవ్వాడు. జెలిపా ఫోను అతని జేబులో ఉంది. ఆమె గుర్తింపు కార్డు ఇంట్లో పెట్టె అడుగున ఉంది. ఏడాది నిండని పాప అతని ఒళ్లో ఉంది. పిల్లను వదిలి తల్లి ఎక్కడికి పోతుంది?

చిపాటా బజారులో తిలేలే వాళ్లమ్మ జడల కొట్టంటే మగవాళ్లు గుమ్మం దాకానే. గుమ్మానికి తెర. సన్నజడలకు ఎంత లేదన్నా పొద్దుట కూర్చుంటే సాయంత్రం అవుతుంది. అంతసేపు పెళ్లాన్ని కళ్లముందు లేకుండా వదలడం అతనికి ఇష్టం లేదు. కానీ అతని అమ్మ పట్టుబట్టింది.

శనివారం చెల్లెలు నెలియా వంటింటి వేడుక. పెళ్లికి ముందు ఊళ్లో ఆడవాళ్లంతా చేరి పెళ్లికూతురికి గిన్నెలూ బుద్ధులూ ఇచ్చే రోజు. ఇంటి ఆడవాళ్లందరికీ అమ్మ ఒంటికి చుట్టుకునే చితెంగే గుడ్డ ఒకే రకంది తెప్పించింది. నీలం మీద పసుపు పక్షులు.

"పెళ్లికూతురి వదినె తల అలా ఉంటే పదిమందీ అడుగుతారు. జడలల్లిస్తే ఆ ఖాళీ కనపడదు," అంది అమ్మ. "ఆ గుడ్డ కట్టించే తీసుకెళ్లు. రంగు చూసి పూసలు కడతారు."

ఖాళీ జెలిపా చెవి పైన ఉంది. అక్కడి జుట్టు రెండు వారాల క్రితం యోతాము పిడికిట్లోకి ఊడి వచ్చింది.

ఆ మర్నాడే, మొగుళ్ల దెబ్బలు పడలేక ఇల్లు వదిలిన ఆడవాళ్లను చేరదీసే ఆశ్రయం వాళ్లు ఇంటికొచ్చారు. ఎవరు చెప్పారో ఏమో. అతను పక్కనే నిలబడి ఉండగా జెలిపా, "జారిపడ్డాను," అంది. వచ్చినామె వాదించలేదు. "ఏ రోజైనా రా అమ్మా. పాపను తీసుకునే రా. తలుపు తీసే ఉంటుంది," అని వెళ్లిపోయింది. ఆ మాట యోతాముకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

అదే మా అమ్మ అయితేనా, అనుకున్నాడు. నాన్నతో ముప్పై ఏళ్లు కాపురం చేసింది. ఒక్క మాట గడప దాటలేదు. తలగుడ్డ తీసి కన్నకొడుక్కి కూడా ఏనాడూ కనపడలేదు. పరువంటే అదీ.

పదకొండింటికి పాప ఏడుపందుకుంది. తెర పక్కకు జరిగి తిలేలే వాళ్లమ్మ లావాటి చెయ్యి బయటికొచ్చింది.

"ఇటివ్వు నాయనా, తల్లి పాలిస్తుంది. లేకపోతే నువ్విస్తావా?"

ఫిరి తాత పకపకా నవ్వాడు. యోతాము పాపను ఇచ్చేశాడు. చెప్పులున్నాయిగా.

పన్నెండింటికి కొట్టు వెనక తలుపున్న సందులోకి బన్నుల వ్యాను వచ్చింది. ఆశ్రయంలో ఉండే ఆడవాళ్లు కాల్చే బన్నులు గురువారం గురువారం బజారుకొస్తాయి.

"మొగుళ్లను వదిలొచ్చిన వాళ్ల చేతి తిండి," అని యోతాము ఉమ్మేశాడు. తిలేలే వాళ్లమ్మ రెండు వేడి బన్నులు పంపిస్తే మాత్రం తిన్నాడు. ఈలోగా వ్యాను వెళ్లిపోయింది.

చేతులు దులుపుకొని తెర తొలగించి చూశాడు. తిలేలే వాళ్లమ్మ వెడల్పాటి వీపు. దాని అవతల, గోడవైపు తిప్పిన కుర్చీలో తడి తువ్వాలు కప్పిన తల. కుర్చీ నిండా నీలం మీద పసుపు పక్షులు.

"పాపేదీ?"

"నిద్రపోయింది. అరిచి లేపకు."

రెండింటికి మళ్లీ చూశాడు. మూడింటికి మళ్లీ.

"ఏయ్, ఇంకా ఎంతసేపే?" అని గద్దించాడు. ఆ గొంతు వింటే ఎప్పుడూ ఉలిక్కిపడే భుజాలు ఇవాళ కదల్లేదు. జడలు లాగి అల్లుతుంటే కదలకూడదు కాబోలు, అనుకున్నాడు.

నాలుగింటికి తెర వెనక నుంచి తిలేలే వాళ్లమ్మ పిలిచింది.

"అయిపోవచ్చింది నాయనా. ఒక్క సంగతి. ఈ చెవి పైన ఖాళీ ఉంది చూడూ..."

"దానికోసమేగా వచ్చింది. కప్పెయ్."

"వద్దంటోంది."

"ఎవరు వద్దనేది?"

"కుర్చీలో కూర్చున్నామె. దాన్నలాగే వదిలెయ్యమంటోంది. శనివారం అందరూ చూడాలట. ఎలా వచ్చిందని అడిగితే చెప్తుందట."

ఫిరి తాత చేతిలో సూది ఆగింది.

యోతాము బల్ల కిందున్న చెప్పుల్ని తన్నుకుంటూ లేచాడు. మగవాళ్లు దాటని గుమ్మం దాటాడు. లోపలున్న ఆడవాళ్లు ఒక్కరూ అరవలేదు. అతని కోసమే చూస్తున్నట్టు పక్కకు జరిగి దారిచ్చారు. మూలన పరిచిన చాప మీద పాప లేదు.

"ఎవరికి చెప్తావే? ఏం చెప్తావు?" అంటూ కుర్చీ పట్టుకుని తనవైపు తిప్పాడు.

పసుపు పక్షుల గుడ్డ కట్టుకుని, తలగుడ్డ మడిచి ఒళ్లో పెట్టుకుని, చెవి పైన ముప్పై ఏళ్లుగా వెంట్రుక మొలవని ఖాళీని అతని కళ్లకెదురుగా పెట్టి కూర్చుని ఉంది, అతని తల్లి.