అచ్చియ్యమ్మ బదులు

సంచిలో చీరలు సర్దుతూ, "నా బదులు ఈ పెట్టె ఆడుతుందే వరాలూ. గొంతూ నాదే, ఆటా నాదే," అంది అచ్చియ్యమ్మ. చంద్రుడి మీద గనుల క్యాంటీన్లో రెండేళ్ళు వంటపని.

"తొండి కూడానా?"

"నేనెప్పుడాడానే తొండి?"

ఆదివారాల అష్టాచెమ్మా ఆగలేదు. అప్పటికి ఏ ఇంట చూసినా ఆటకి సగం మంది పెట్టెలే. పెట్టె వంతుకి వరాలే గవ్వలు వేస్తే, నాలుగు పడినా పెట్టె ఎనిమిదనేది. పట్టుకోగానే, "తప్పయింది వరాలూ," అనేది. అచ్చియ్యమ్మయితే గవ్వలు విసిరికొట్టి, మూడు రోజులు మాట మానేసి, నాలుగోనాడు పులిహోర పట్టుకొచ్చేది.

ఒకనాడు వరాలు కావాలనే పెట్టె కాయని వెనక్కి జరిపింది. "తిట్టవే, ఒక్కసారి."

"ఎందుకు వరాలూ? ఆట నీదే."

వరాలు మళ్ళీ గవ్వలు వేసింది.

అచ్చియ్యమ్మ తిరిగి రాలేదు. వెళ్ళిన ఏడో నెలలో, 2087 వైశాఖంలో, అక్కడే పోయింది.