తిప్పన్న వేసిన చాటింపు

“దేవేంద్రప్ప అనే ఆసామి మీద కోర్టు వారంటు ఉండాదహో! వాణ్ని ఇంట్లో దాపెట్టినోళ్ళకు జైలు! వానికి ముద్ద సంగటి పెట్టినోళ్ళకూ జైలు!”

తలారి తిప్పన్న తప్పెట మీద మరో రెండు దెబ్బలు వేసి చెమట తుడుచుకున్నాడు. సంగటి మాట కాగితంలో లేదు. అది అతని సొంత సరుకు. తప్పెట చేతికొస్తే చాలు, తిప్పన్నకు తాను తహశీల్దారు కన్నా ఒక మెట్టు పైన ఉన్నట్టుంటుంది.

బేతంచెర్ల నుంచి ఎండన పడి వచ్చిన పోలీసు జవాను ఏసేపు నవ్వాడు. “సంగటి పెడితే జైలని యాడ రాసిండారప్పా?”

“రాయకపోతే ఏమయ్యా? కడుపు కాలితే ఎలుకైనా బొక్కలోనుంచి బయటికొస్తాది.”

సంగతేమంటే, నాలుగేండ్ల కిందట సర్కారు అడవిలో మేకలు మేస్తుంటే అడవి జవాను పట్టుకున్నాడు. ఇవి ఎవరివని అడిగితే, మేపుతున్న ఆడమనిషి ఈ ఊరి దేవేంద్రప్పవని చెప్పి తన దారిన తాను తోలుకొని పోయింది. కోర్టు నుంచి దేవేంద్రప్పకు మూడుసార్లు సమన్లు వచ్చాయి. మూడుసార్లూ తిప్పన్నే “ఈ ఊర్లో అట్లాంటి మనిషి లేడు” అని వేలిముద్ర వేసి తిప్పి పంపాడు. నాలుగోసారి ఏకంగా వారంటే వచ్చింది. దానివెంట తహశీల్దారు హుకుం కూడా వచ్చింది. ఈ పొద్దు గుంకేలోపల మనిషిని చూపించకపోతే తలారి పని, దానితోపాటు తాతలనాటి రెండెకరాల మాన్యం వేరేవాళ్ళకు పోతాయి.

“ఆ మేకలామె నా చేతికి దొరకల్ల!” తిప్పన్న పళ్ళు కొరికాడు. “లేని మొగోణ్ని పుట్టిచ్చి నా నెత్తిన పెట్టి పాయె. మా అమ్మ గూడ మేకలు కాసిందే, ఒక్కనాడన్నా అబద్ధమాడిందా?”

నాపరాళ్ళ గని దగ్గర తప్పెట మోగగానే ఎవడో ఒకడు లేచి పరుగు తీశాడు. ఇద్దరూ రాళ్ళలో పడి లేచి, మోకాళ్ళు దోక్కొని వాణ్ని పట్టుకున్నారు. తీరా చూస్తే వాడు కూలీ శివన్న. కల్లు తాగిన మొహం, తన కోసం పెండ్లామే చాటింపు వేయించిందనుకున్నాడట.

బావి దగ్గర నీళ్ళు చేదుతున్న గిడ్డమ్మ వీళ్ళను చూసి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. “దేవేంద్రుని పేరంటే మాటలా తిప్పన్నా! అంత పేరు మోసే మొగం ఈ ఊర్లో ఎవరికుండాది? నీకా, నాకా?”

“నాకెందుకుంటాది గిడ్డక్కా! నా పేరు వింటే కోళ్ళు గూడ కెలకనీకి వస్తాయి.”

ఏసేపుకు అర్థం కాలేదు. “అదేం పేరప్పా, తిప్ప అని?”

“చెత్త పోసే తిప్పే అయ్యా. నాకు ముందర ముగ్గురు పుట్టి పోయినారంట. నేను గూడ మూడో నెలలో కండ్లు తేలేస్తే, తీసుకపోయి తిప్ప మీద పండబెట్టి, పక్కింటి అవ్వతో చేటెడు తవుడుకు కొనిపిచ్చి, అప్పుడు ఈ పేరు పెట్టినారు. యముడొచ్చినా ‘ఈ చెత్త నాకెందుకు’ అని పోవల్ల గదా! పోయినాడు. నలభై ఏండ్లాయె, మళ్ళీ ఇటు చూడలేదు. మా అమ్మ మాత్రం కొత్తోళ్ళ ముందర ఆ పేరెత్తదు, సిగ్గంట. అబ్బోడా అంటాది.”

పొద్దు వాలింది. తిప్పన్న కాళ్ళీడ్చుకుంటూ ఏసేపును ఇంటికి తీసుకొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కూతురి కాన్పులంటూ మూడేండ్లకు పైగా కమలాపురంలోనే ఉండిపోయిన అతని తల్లి జీవమ్మ ఆ మధ్యాహ్నమే రైలు దిగి వచ్చింది. ఇంటికొచ్చిన మనిషి గనుక ముందు ఏసేపుకు జొన్న సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది.

“రేపట్నుంచి నేను తలారిని గాదు, ఏసేపయ్యా,” అన్నాడు తిప్పన్న. “ఈ ఊర్లో నాకు తెలియని గడప లేదని మీసం తిప్పితి. తుదకు ఒక్క మనిషి తెలియకపాయె. నా అంత గుడ్డి తలారి కర్నూలు జిల్లాలోనే ఉండడు. ఆ మాన్యంలో దిష్టిబొమ్మను నిలబెట్టినా నాకంటే మేలే.”

జీవమ్మ కొడుక్కు తట్టలో ముద్ద పెట్టుకొని వస్తూ గడప దగ్గర ఆగింది.

“అబ్బోడా, ఇందాక వీధిలో చాటింది నువ్వేనా?”

“నేనే అమ్మా.”

“వానికి సంగటి పెట్టినోళ్ళకు నిజంగానే జైలా?”

ఇల్లు చేరినా తప్పెట మెడలోనే ఉంది గనుక తిప్పన్నకు మళ్ళీ ఊపు వచ్చింది. “జైలే! కన్నతల్లి పెట్టినా జైలే!” అంటూ ఆకలిగా తట్ట కోసం చేయి చాచాడు.

జీవమ్మ జవాను వైపొకసారి, కొడుకు వైపొకసారి చూసి, తట్టను వెనక్కి లాక్కుంది.

“మరి నీకెట్ల పెట్టాల్ర, దేవేంద్రప్పా?”