కొత్త జీపుకి పూజ

అది మేముంటున్న ఈ పరాయి దేశంలో, టోవా పాయో పేటలోని బొమ్మల కొట్లో చవగ్గా దొరికిన మిలిటరీ జీపు కిట్, ముక్కలు అతికించి చేసుకునే బుల్లి బొమ్మ. డ్రైవర్ బొమ్మ ఇవ్వలేదు. చక్రాలు వదులుగా ఊగుతుంటే కదలకుండా జిగురుతో అతికించేశాను. శనాదివారాలు కూర్చుని, నిజం బండిలా కనబడాలని రంగులతో తుప్పు మరకలు, బురద చారలు దిద్దాను. ఆఖరుగా డ్రైవర్ సీటుకి రంగేసి, మంచం పక్క బల్ల మీద ఆరబెట్టాను.

మా ఆవిడ అరుంధతి చూసి నవ్వింది. "కొత్త బండి కదండీ, పూజ చెయ్యొద్దూ?"

బానెట్ మీద కుంకుమ బొట్టు పెట్టి, ముందు చక్రానికి ఇక్కడ దొరికే గోళీకాయంత నిమ్మకాయ అడ్డం పెట్టింది.

"మరి తొక్కించేదెవరు?" అన్నాను.

"ఎవరో ఒకరు వస్తార్లెండి."

హాయిగా నవ్వుకుంటూ లైటు ఆర్పి పడుకున్నాం. కాసేపటికి చీకట్లో ఏదో చిట్లిన చప్పుడైంది. గదంతా నిమ్మవాసన కమ్ముకుంది.

లైటు వేశాను. నిమ్మకాయ నలిగిపోయి ఉంది. జీపు దాన్ని దాటి నిలబడి ఉంది.

"మంచిదేలెండి, దిష్టి పోయింది," అంటూ అరుంధతి నిద్రమత్తులో అటు తిరిగింది.

నాకూ తృప్తిగానే అనిపించింది. లైటు ఆర్పబోతూ మళ్ళీ చూశాను. డ్రైవర్ సీటు మీది తడి రంగు, ఎవరో కూర్చుని దిగిపోయినట్టు చెరిగి ఉంది.