ఫ్లాష్ పడ్డ గది

"ఇంత శుభ్రంగా ఉంటే ఎవడు నమ్ముతాడయ్యా?" అన్నాడు టీమ్ లీడర్ నామ్, గ్యుసాంగ్ కంప్యూటర్ తెరను వేలితో పొడుస్తూ.

తెర మీద ఒక గది. మంచం, కుర్చీ, పొయ్యి, పెద్ద కిటికీ, గుమ్మం దగ్గర చెప్పుల అర. అన్నీ గ్యుసాంగ్ కంప్యూటర్లో కట్టినవే. సియోల్ శివార్లలో అసలు గదికి ఇంకా గోడలే లేవలేదు. వచ్చే వసంతానికి పూర్తయితే గొప్ప. అద్దె ప్రకటన మాత్రం ఇవాళే ఆన్‌లైన్‌లో ఎక్కాలి. ముందు అడ్వాన్సులు పడనీ, తర్వాత సంగతి తర్వాత అన్నది నామ్ సిద్ధాంతం.

"వెలుతురంతా సరిగ్గానే పడింది కదా నామ్ గారూ..."

"అదే రోగం! ఇంటి ఓనరమ్మ ఫోన్‌తో తీసినట్టుండాలి. ఫ్లాష్ మొహాన కొట్టాలి. ముందున్న కుర్చీ తెల్లగా పాలిపోవాలి, దాని వెనక గోడ మీద నల్లటి నీడ పడాలి. మూలలు చీకటిగా ఉండాలి. అప్పుడు నమ్ముతారు."

గ్యుసాంగ్ కళ్లు మండుతున్నాయి. అందమైన వెలుతురు నేర్చుకోవడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు దాన్ని చెడగొట్టినందుకు జీతం ఇస్తున్నారు. ఏం బతుకో!

ఫోన్ గుర్రుమంది. భార్య హేరిమ్ సందేశం. 'ఇదీ దొంగ ప్రకటనే. ఫొటోలో కిటికీ ఉంది, గదిలో లేదు. తిరిగి తిరిగి కాళ్లు పడిపోతున్నాయి.' ఇప్పుడుంటున్న నేలమాళిగ గదిని నెలాఖరుకి ఖాళీ చేయాలి. 'కొంచెం ఓపిక పట్టు' అని కొట్టి ఫోన్ బోర్లా పెట్టేశాడు.

తెర మీది గదిలో దీపాన్ని జరిపి కెమెరా పక్కనే పెట్టాడు. కుర్చీ పాలిపోయింది. కిటికీ అద్దంలో ఫ్లాష్ భగ్గుమంది.

"ఫ్లాష్ సరే, ఫోన్ పట్టుకున్న మనిషేదీ అద్దంలో? దయ్యం తీసిందా?" అన్నాడు నామ్.

మళ్లీ ఎక్కడెక్కడో బొమ్మలు వెతికే ఓపిక లేదు. గ్యుసాంగ్ గుర్తున్నంతలో ఒక ఆడమనిషిని నిలబెట్టాడు. ఏప్రన్, రెండు చేతుల్లో ఫోన్, ఎడమకి వాలిన మెడ, కాస్త పైకెత్తిన మడమ.

"ఇదీ ఫొటో అంటే! నేనే అద్దెకు దిగిపోయేలా ఉన్నాను" అంటూ నామ్ వెంటనే ప్రకటన ఎక్కించేశాడు.

మధ్యాహ్నం గ్యుసాంగ్ చల్లారిన కిమ్చీ పులుసు ముందు కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో, హేరిమ్ ఫోన్ చేసింది. పొద్దుటి నీరసం గొంతులో లేదు.

"ఇల్లు దొరికిందోయ్! ఇప్పుడే పెట్టారు."

"అమ్మయ్య! వెళ్లి చూశావా?"

"చూసేలోపు ఎవరో ఎగరేసుకుపోతే? గది మనకే ఉంచమని అడ్వాన్స్ పంపేశా. మన దగ్గరున్నదంతా ఊడ్చి."

"చూడకుండానా?"

"నువ్వేగా చెప్పావు, మెరిసిపోయే బొమ్మల్ని నమ్మకు, ఫ్లాష్ పడ్డ ఫొటో అయితేనే నమ్ము అని. ఇందులో కిటికీ అద్దంలో ఓనరమ్మ కూడా కనిపిస్తోంది. పాపం, అచ్చం నాలాగే మెడ వాల్చి, మడమెత్తి నిలబడింది."