చెదల మందు మనిషి

తలుపు తీస్తూనే కోడలు విరుచుకుపడింది.

"ఇప్పుడా రావడం? ఫోన్ చేసి మూడు వారాలైంది!"

గుమ్మంలో యాభై ఏళ్ల మనిషి. చేతిలో టార్చి, స్క్రూడ్రైవర్. నుదుటి మీద పచ్చి కుట్లు.

"అమ్మా, నేను..."

"మీరేం చెప్పక్కర్లేదు. రేపొస్తాం, రేపొస్తాం అని మీ కంపెనీ చెప్పిన కథలు చాలు. మొన్న ఆఫీసుకొచ్చి అరిస్తే గానీ కదల్లేదు. రండి లోపలికి."

అతను తలెత్తి పై దూలాల వైపు చూశాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

డెబ్బై ఏళ్ల నాటి చెక్క ఇల్లది. స్తంభాలు, మెట్లు, పై అంతస్తు నేల, అన్నీ చెక్కే. వాటి మీద చెదలు రోజుకో మట్టి గీత గీస్తున్నాయి. తుడిచీ తుడిచీ కోడలికి తల ప్రాణం తోకకొస్తోంది. మొగుడికి చెబితే "నువ్వే చూసుకో" అని ఉద్యోగానికి పోయాడు. ఏ సమస్యకైనా ఆయన చేసే సాయం అదే.

అతను స్తంభం మొదట్లో కూర్చుని టార్చి వేశాడు.

"ఇక్కడ మట్టి దారి ఉండాలే?"

"తుడిచేశాను."

"ఎందుకమ్మా?"

"బాగుంది! ఎవరైనా చూస్తే నవ్విపోరూ?"

"తుడిస్తే చెద పోదమ్మా. అది ఎటు పోతోందో మనకు తెలియకుండా పోతుంది. రేపు మళ్ళీ వస్తాను. ఈ ఒక్కరోజు అలాగే వదిలేయండి."

"మందు కొట్టరా?"

"ముందు అది ఎక్కడుందో తెలియాలి కదా."

మర్నాడు అతను వచ్చేసరికి స్తంభాలు తళతళలాడుతున్నాయి. మనిషి వస్తున్నాడని తెలుసు కాబట్టి కోడలు ఆ రోజు ఇంకాస్త గట్టిగా రుద్దింది.

అతను తల పట్టుకున్నాడు. ఇక చేసేదేం లేక స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కో దూలాన్నీ తట్టి, చెవి ఆనించి విన్నాడు. గంట పట్టింది. కోడలు గడియారం చూస్తూనే ఉంది.

సామాన్ల గదిలో స్టూలెక్కి పై దూలాన్ని తట్టగానే అతని చెయ్యి ఆగిపోయింది.

"దీని పైన ఎవరుంటారు?"

"మా అత్తగారు."

"ఆవిణ్ణి ఇప్పుడే కిందికి దింపండి. ఈ గదికి కూడా గొళ్లెం పెట్టండి. దూలం లోపలంతా డొల్ల. పైకి రంగే మిగిలింది."

అత్తగారు ససేమిరా అంది.

"నలభై ఏళ్లుగా ఇది నా గది. పురుగుకి భయపడి దిగనా?"

కోడలికి ఒళ్లు మండింది.

"మందు కొట్టమని పిలిస్తే, మా ఇంట్లో ఎవరెక్కడ పడుకోవాలో చెప్తారేంటండీ?"

అతను మెట్లెక్కాడు. పై గది గుమ్మం దగ్గర నిలబడి అత్తగారికి రెండు చేతులూ జోడించాడు.

"పెద్దమ్మా, నా మాట విను. నాలుగు రోజులు కింద పడుకో. తర్వాత ఎన్ని తిట్లయినా తిట్టు, పడతాను."

అతని మొహం చూసి ఆవిడ ఎదురు చెప్పలేకపోయింది. గొణుక్కుంటూనే దిగింది. మంచం అతనే విప్పి, మోసుకొచ్చి ముందు గదిలో వేశాడు.

"మీ మీద కంపెనీకి ఫిర్యాదు చేస్తాను," అంది కోడలు.

"చేయండమ్మా. ఆవిణ్ణి మాత్రం పైకి పంపకండి."

మంచినీళ్లయినా అడగకుండా వెళ్ళిపోయాడు. కోడలూ ఇవ్వలేదు.

మూడో రోజు పొద్దున మంచం మళ్ళీ పైకెక్కించాలని అత్తాకోడళ్లు తీర్మానించుకున్నారు. ఆ ఇంట్లో వాళ్లిద్దరికీ మాట కలిసింది ఆ ఒక్క విషయంలోనే.

మంచం కోళ్లు విప్పుతుండగా ఇల్లంతా అదిరింది. పై గది నేల విరిగి సామాన్ల గదిలో పడింది. మొన్నటిదాకా అత్తగారు పడుకున్న చోట పెద్ద కంత.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మధ్యాహ్నం కంపెనీ చొక్కా వేసుకున్న ఒకతను మందు డబ్బాతో దిగాడు.

"సారీ మేడమ్, ఇవాళే మీ వంతు వచ్చింది."

"వంతేమిటి? రెండు రోజులూ మీ పెద్దాయన వచ్చారు కదా! ముందు ఆయన్ని పిలిపించండి. నోటికొచ్చినట్టు మాట్లాడాను. క్షమాపణ చెప్పుకోవాలి."

"మేమెవర్నీ పంపలేదే!"

కోడలు ఆనవాళ్లు చెప్పింది. టార్చి, స్క్రూడ్రైవర్, నుదుటి మీద ఇంకా మానని కుట్లు.

కంపెనీ మనిషి డబ్బా కింద పెట్టేశాడు.

"ఆయనా! పొద్దున్నే బస్టాండులో కనిపించారు. ఇక ఈ ఊరు రానని చెప్పి బస్సెక్కేశారు."

"అసలెవరాయన? మా ఇల్లెలా తెలుసు?"

"మీరు ఆఫీసులో గొడవ పడ్డ రోజు మీ వెనకే నిలబడి మీ అడ్రసుతో సహా అంతా విన్నారు. 'ఇక మీ మనిషి మా ఇంటికి రానక్కర్లేదు, నా పేరు కొట్టేయండి' అని మాతో చెప్పడానికి వచ్చారారోజు."

"ఎందుకు రానక్కర్లేదు?"

అతను తల దించుకున్నాడు.

"మా జాబితాలో మీకంటే ముందున్న ఇల్లు ఆయనదే మేడమ్. మేం రేపొస్తాం, రేపొస్తాం అంటుండగానే దూలం విరిగిపడి వాళ్లమ్మ పోయింది."