మూడో ప్రీయాంప్

"సెయ్యి తియ్యండి పెద్దాయనా, వైర్లు ఊడిపోతాయి."

ఎజ్రా రెండుసార్లు చెప్పాడు. ముసలాయన లక్ష్యపెట్టలేదు. స్పీకరు పెట్టె మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డాడు.

విజయనగరంలో వెంకటరావు మ్యూజిక్ షాపు. శనివారం, పొద్దున్న పదకొండు.

ఎజ్రా బళ్ళో లెక్కల మాస్టారు. ఆదివారం చర్చిలో లావు స్వరాల బేస్ గిటారు వాయిస్తాడు. ఆ గిటారు శృంగవరపుకోటలో మేనమామ పనసచెక్కతో చేసిచ్చింది. మొన్నీమధ్యే తీగల కింద పీజో పికప్ పెట్టించాడు. చెక్క వణుకుని పట్టుకుని కరెంటుగా మార్చే సన్నటి పట్టీ అది. ఆ కరెంటు మరీ బలహీనం. నేరుగా స్పీకరుకి కలిపేసరికి బేస్ కాస్తా రేకుడబ్బా అయికూచుంది.

చర్చిలో పాటలు నడిపే కాంతం గారు మొహమాటపడే మనిషి కాదు.

"ఒరే ఎజ్రా, రేపాదివారం కూడా ఇలాగే మోగితే బేస్ మానీరా. కీబోర్డు మీద శాంతి ఎడం సేత్తో కొట్టీస్తాది."

పన్నెండేళ్ళుగా వాయిస్తున్న చోటు. ఎజ్రాకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

దీనికి మందు ఒక్కటే. గిటారు కడుపులో కూర్చుని, పీజో ఇచ్చే చిన్న కరెంటుని కుంగిపోకుండా అందుకుని స్పీకరుకి పంపే ప్రీయాంప్.

ఏది కొనాలి?

లెక్కల మాస్టారు కదా, ఇంటర్నెట్టంతా గాలించి మూడింటిని తేల్చాడు. నోటుబుక్కులో పదికి మార్కులు కూడా వేశాడు. అయిదు నాబులు, వెలిగే ట్యూనరు ఉన్నదానికి తొమ్మిది. మూడు నాబులదానికి ఏడు. ఒక్క వాల్యూం నాబు తప్ప ఏమీ లేని చిన్నదానికి నాలుగు, అదీ జాలిపడి.

ఒక్కోదానికి ఒక్కో కొలత కన్నం. పనసచెక్కని ఒకసారి కోస్తే మళ్ళీ అతకదు. ఇంకోటి చేసివ్వడానికి మేనమామ లేడు, పోయి రెండేళ్ళయింది.

అందుకే వెంకటరావు చెక్క ముట్టకుండా, పైనుంచే క్లిప్పులు తగిలించి ఒక్కొక్కటీ వినిపిస్తున్నాడు.

ముందు అయిదు నాబులది.

"గంట కొట్టినట్టున్నాది కదండీ," అన్నాడు వెంకటరావు.

ఎజ్రాకీ అలాగే అనిపించింది. అప్పుడే ఈ ముసలాయన లేచొచ్చాడు. రిపేరుకిచ్చిన కీబోర్డు కోసం చీటీ పట్టుకుని అరగంటగా స్టూలు మీద కూర్చున్నవాడు. అడగాపెట్టకుండా పెట్టె మీద చెయ్యేశాడు. తల అడ్డంగా ఊపాడు.

"ఏటండీ, బాగానేదా?"

ముసలాయన చెయ్యి తియ్యకుండా పెట్టె వైపే చూస్తున్నాడు. ఎజ్రాకి ఒళ్ళు మండింది.

రెండోది తగిలించారు. మళ్ళీ అడ్డంగా ఊపాడు.

మూడోదానికి ఎజ్రా విసుగ్గా లావు తీగ మీటాడు. ముసలాయన మొహం విచ్చుకుంది. రెండో చెయ్యి కూడా పెట్టె మీద ఆనించాడు.

"ఇదే. ఇది ఎయ్యి."

గొంతు మాత్రం ఎదురు కొట్టుదాకా వినిపించేంత గట్టిది.

"ఎందుకండీ?"

ఆయన అప్పటికే అటు తిరిగి చీటీ ఇచ్చేసి, కీబోర్డు సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోతున్నాడు. ఎజ్రా వెనకనుంచి పిలిచాడు. తిరిగి చూడలేదు.

"ఎవలండీ ఈయన, అంత పొగరు?"

"తెల్దండీ. కీబోర్డు ఇచ్చినప్పుడూ ఇంతే. సినిమా రికార్డింగుల్లో వాయించినోడేమో. అలాంటోళ్ళకి మనతో మాటలేటి?"

ఎజ్రా నోటుబుక్కు వైపు చూశాడు. ఏమనుకున్నాడో, మూడోదే మళ్ళీ మీటి, ఈసారి తనూ పెట్టె మీద చెయ్యి పెట్టాడు. అదురు మోచేతిదాకా ఎక్కింది. తొమ్మిది మార్కులదాన్ని తగిలించి చూశాడు. చెవికి గంటలాగే ఉంది, చేతికి మాత్రం ఏమీ తెలియలేదు.

"కొయ్యండి. చిన్నదానికే."

ఇంటికెళ్ళి దాని కాగితం నిదానంగా చదివితే అప్పుడు తెలిసింది. పీజో పికప్పుల కోసమే చేసిన ప్రీయాంప్ అది. లావు స్వరాలు జారిపోకుండా పట్టుకునేది ఆ మూడింటిలో అదొక్కటే. మిగతా రెండూ ఆరు తీగల గిటారువి, వాటి తళుకంతా పై స్వరాలదే. ఆ వాక్యం ఎజ్రా ముందూ చూశాడు, కాని దానికి మార్కులు వేయలేదు.

ఆదివారం రెండో పాటకి చర్చి బెంచీలు సన్నగా అదిరాయి. వెనక వరస ముసలమ్మలు కాళ్ళకింద నేల చూసుకున్నారు. కాంతం గారు పాడుతూనే ఎజ్రా వైపు తిరిగి తలూపారు. పన్నెండేళ్ళలో ఆవిడ తలూపడం అదే మొదలు.

సోమవారం, రిపేరు చీటీ మీది నంబరు వెంకటరావుని అడిగి తీసుకుని ఫోన్ చేశాడు. ఒక అమ్మాయి ఎత్తింది.

"కీబోర్డు తీసుకెళ్ళిన పెద్దాయన ఉన్నారా అమ్మా?"

"మా తాతండీ, కూర్మయ్య. ఆ కీబోర్డు నాదేనండీ. తాత ఇంటికాడ లేడు. నిన్ననే మా అత్తతో రాయగడ ఎళ్ళిపోనాడు, వచ్చే నెల గానీ రాడు. నేను హర్షితనండీ, మనవరాల్ని. మీరు గిటారు మాస్టారా?"

"ఆయన సెప్పినారా?"

"రెండ్రోజులూ అదే మాటండీ."

"ఆయనది ఏ బ్యాండమ్మా? ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

హర్షిత నవ్వింది.

"బ్యాండేటండీ. ముప్పయ్యేళ్ళు జూట్ మిల్లులో మగ్గాల పని. ఆ మోతలో ఏ మగ్గం కీలు వదిలిందో సెవికి అందదు కదండీ. సెయ్యి పెట్టి సెప్పీవోడు."

"నేను పిలిస్తే పలకనేదమ్మా. పొగరనుకున్నాను."



"ఆ మోతకే తాత రెండు సెవులూ పోయి పదకొండేళ్ళయినాది మాస్టారూ, మొన్న ఇంటికొచ్చి, ఇన్నాళ్ళకి వాయిద్యం ఇన్నానే అమ్మా అని నా సెయ్యి పట్టుకుని ఏడ్చీసినాడు."