గడ్డి తెర

వాగు పొంగి బొరియలన్నీ కొట్టుకుపోతే, కుందేళ్ళు పిల్లల్ని వెంటేసుకుని అడవి దారి పక్కన పడ్డాయి. వానాకాలం వెళ్ళేదాకా తలదాచుకోను కాస్త గడ్డి కప్పు వేయించమని కుందేలమ్మ అడవి పంచాయతీ చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. "అడవిలో గడ్డికే కరువొచ్చింది, చూద్దాంలే," అనేది సర్పంచి నక్క ప్రతిసారీ.

ఇంతలో మృగరాజు పర్యటనకు వస్తున్నాడని కబురొచ్చింది. ఆ పూటకల్లా నక్క గిజిగాళ్ళను పిలిపించి, కుందేళ్ళు రాజుగారి కంట పడకుండా దారి పొడవునా ఎత్తుగా గడ్డి తెర అల్లించింది.

తెల్లారేసరికి జోరున వాన. తెర వెనక వణుకుతున్న పిల్లల్ని చూసేసరికి కుందేలమ్మకు ఒళ్ళు మండిపోయింది. కట్లు పళ్ళతో కొరికేసి, తెరను కిందికి లాగి పిల్లల మీద కప్పింది. మిగతా కుందేళ్ళూ తలా ఒక ముక్క లాక్కున్నాయి.

నక్క పరుగెత్తుకొచ్చింది. "ఎంత పొగరే నీకు! రాజుగారొచ్చే వేళకి నా పరువు తీస్తావా?"

"అరవకండి సర్పంచిగారూ, పిల్లలకి ఇప్పుడే కునుకు పట్టింది," అంది కుందేలమ్మ పళ్ళు నూరుతూ. "మమ్మల్ని దాచడానికి ఒక్క పూటలో ఇంత గడ్డి దొరికిందే! మా నెత్తిన కప్పడానికి ఇన్నాళ్ళూ ఒక్క పరక దొరకలేదా?"

మలుపులో రాజుగారి గర్జన వినబడింది. నక్క అటూ ఇటూ చూసింది. దాక్కుందామంటే ఆ దారిలో ఒక్క తెరా మిగల్లేదు.